ఇస్నాపూర్ నుంచి ఒక హౌస్ రికార్డు

మొన్న ఆదివారం మా ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఉండేది ఇస్నాపూర్. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, మిగతా టైమంతా మిక్సింగే. పటాన్‌చెరు నుంచి సదాశివపేట దాకా వాడి మిక్సు మోగని బరాత్ లేదని వాడి నమ్మకం. అందులో సగం కొట్టేసినా గట్టి నమ్మకమే. ఈసారి ఎవరి పాటా తీసుకోకుండా సొంతంగా మూడు ట్రాకులు చేశాడు. వాటిని స్ట్రీమింగ్ యాప్‌లలోకి ఎక్కించాలంటే ఒక ఆన్‌లైన్ ఫారం నింపాలి. అంత పెద్ద ఇంగ్లీషు ఫారం చూస్తే వాడికి భయం, నాకేమో అలవాటు (వారం వారం టైమ్‌షీట్ నింపే బతుకు కదా).

ఆర్టిస్టు పేరు, లేబుల్ పేరు, కంపోజర్, ఒరిజినలా రీమిక్సా, మొదట విడుదలైన తేదీ... ఇలా వరసగా అడుగుతూ పోతుంది. జానర్ దగ్గర వాడు అప్పటికే 'హౌస్' అని కొట్టి పెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

"హౌస్ ఏందిరా?"

"అండ్ల డీజే అని లేదన్నా. తీన్‌మార్ అని గూడ లేదు. ఏది దగ్గరుంటె అది కొట్టిన."

మార్చేద్దాం అని మౌస్ పట్టుకున్నాను గానీ, దేనికి మార్చాలో తట్టలేదు. ఆ రాత్రి కూర్చుని ఈ హౌస్ అనేదాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. ఆ ఫారంలో ఒక్కో గడికీ వెనక ఒక్కో గొడవ ఉంది.

ముందు ఆ పేరు సంగతి. షికాగోలో 1977లో వేర్‌హౌస్ అని ఒక క్లబ్బు తెరిచారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు, లాటినోలు, వాళ్ళలోనూ చాలామంది గే కుర్రాళ్ళు. అక్కడ రికార్డులు వేసేవాడు ఫ్రాంకీ నకల్స్. ఊళ్ళో రికార్డుల షాపువాళ్ళు 'వేర్‌హౌస్‌లో మోగేవి ఇవే' అని చీటీ పెట్టి అమ్మేవారు. ఆ చీటీలో 'వేర్' ఊడిపోయి 'హౌస్' మిగిలింది. అంటే అది మొదట సంగీతం పేరు కాదు, షాపు అరకి పెట్టిన పేరు. మన సెల్ షాపులవాళ్ళు ఫోల్డరుకి 'బరాత్ స్పెషల్' అని పెట్టినట్టు అన్నమాట.

అమెరికాలో అప్పటికే డిస్కో మీద జనానికి మొహం మొత్తింది. 1979 జూలై 12న షికాగో కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డులన్నీ పోగేసి పేల్చేశారు. రికార్డు తెచ్చినవాళ్ళకి టికెట్టు 98 సెంట్లే. ఆ రోజు అక్కడ జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పని చేసిన నల్లజాతి కుర్రాడు విన్స్ లారెన్స్, వాళ్ళు తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లవాళ్ళ రికార్డులు కూడా ఉన్నాయని తర్వాత చాలాసార్లు చెప్పాడు. అయిదేళ్ళు తిరక్కుండా 1984లో జెస్సీ సాండర్స్ 'ఆన్ అండ్ ఆన్' అనే రికార్డు వేశాడు. దాన్నే మొదటి హౌస్ రికార్డు అని ఎక్కువమంది అంటారు. దాని సహరచయిత ఈ విన్స్ లారెన్సే.

ఇక 'ఒరిజినలా, రీమిక్సా' అన్న గడి. సాండర్స్ క్లబ్బులో వేసుకునే రికార్డుల పెట్టె ఒకసారి పోయింది. అందులో వాడికి బాగా పనికొచ్చే ఒక దొంగ రికార్డు ఉండేది. డిస్కో పాటల ముక్కలు అతికించిన మెగామిక్స్, దాని పేరూ 'ఆన్ అండ్ ఆన్' అనే. అది పోయిన బాధలో డ్రమ్ మెషీన్ ముందు కూర్చుని దాని తరహాలో ఇంకోటి తయారు చేసుకున్నాడు. మొదటి హౌస్ రికార్డు అంటే ఇదీ సంగతి: పోయిన రీమిక్సుకి చేసుకున్న రీమేకు! మా వాడి ఫారంలో ఈ కథ ఏ గడిలో పడుతుందో మీరే చెప్పండి :)

రికార్డు నొక్కించిన చోటు కూడా చెప్పుకోవాలి. ఊళ్ళో లారీ షెర్మన్ అనే ఆయనకి ఒక ప్రెస్సింగ్ ప్లాంటు ఉండేది. ట్రాక్స్ రికార్డ్స్ ఆయన లేబులే. పాత రికార్డులు కరిగించి మళ్ళీ వాడతాడని పేరు. అందుకే ట్రాక్స్ రికార్డుల్లో పాట కంటే ముందు గరగర వినిపించేది. వాయించిన మెషీన్లూ అంతే. జపాన్ రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లో ఆ ప్రత్యేకమైన 'సిస్' శబ్దం కోసం లోపం ఉన్న ట్రాన్సిస్టర్లని ఏరి మరీ వాడారట. అవి దొరకడం ఆగిపోయాక మెషీనూ ఆగిపోయింది. దాని తమ్ముడు టీబీ-303ని 1981లో తెచ్చారు. గిటారు వాయించేవాడికి బేస్ తోడుగా ఉంటుందని ఉద్దేశం. బేస్ గిటారులా అస్సలు వినిపించలేదు, మూడేళ్ళకే మూసేశారు. అలా సెకండ్ హ్యాండ్ షాపుల్లో అగ్గువకి పడి ఉన్న 303ని షికాగో కుర్రాళ్ళు ముగ్గురు (డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జె, గ్రూపు పేరు ఫ్యూచర్) తెచ్చుకుని, మాన్యువల్ చదవకుండా నాబ్‌లు తిప్పేశారు. అది మూలిగినట్టు, కూసినట్టు ఏదో శబ్దం చేసింది. అదే యాసిడ్ హౌస్.

ఈ ముగ్గురి కథలో నాకు బాగా గుచ్చుకున్న ముక్క ఒకటుంది. టేపుని తీసుకెళ్ళి మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రాన్ హార్డీ అనే డీజేకి ఇచ్చారు. ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడట. మొదటిసారి జనం ఫ్లోరు ఖాళీ చేశారు, నాలుగోసారికి పిచ్చెక్కిపోయారు. విన్నవాళ్ళు క్లబ్బులోనే టేపుల మీద రికార్డు చేసుకుని ఊరంతా పంచారు, 'రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్' అనే పేరుతో. చేసినవాళ్ళ పేరు ఎవడికీ తెలీదు, వేసినవాడి పేరే తెలుసు. 1987లో ట్రాక్స్ నుంచి 'యాసిడ్ ట్రాక్స్' అని రికార్డు వచ్చి, లేబుల్ మీద ఫ్యూచర్ అని అచ్చయ్యాకే ఆ పాటకి తల్లిదండ్రులు దొరికారు.

ఇది మా వాడికి ఫోన్లో చెప్తే అవతల కాసేపు సప్పుడు లేదు. తర్వాత "నాది గూడ గంతేనన్నా" అన్నాడు.

ఈ బెల్టు పుట్టి పెరిగిన తీరు కొంచెం చెప్పాలి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది, 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వచ్చింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో మొదలై, 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీగా గెలిచాక ఊపందుకుంది. బొల్లారం, జిన్నారం, పాశమైలారం దాకా మందుల ఫ్యాక్టరీలు, ఇనుము, రసాయనాలు. నక్కవాగు నీళ్ళు ఏమయ్యాయో, ఆ కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా ఎందుకెళ్ళిందో ఈ రూట్లో పెరిగిన ఎవరికైనా ముక్కుతో తెలుసు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని లెక్క తేల్చారు. అది వేరే పెద్ద కథ, ఇక్కడ ఆపేస్తాను.

పాటల సంగతికొస్తే, ఈ ఫ్యాక్టరీలు చేసిన పని మనుషుల్ని పోగెయ్యడం. మెదక్, నారాయణఖేడ్, జహీరాబాద్ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఒడిశా, బిహార్, యూపీ నుంచి వచ్చినవాళ్ళు, ఒక్కో గదికి నలుగురు అయిదుగురు. బోనాలకి, గణేశుడికి, పెళ్ళిళ్ళకి డీజే. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ అని ఉత్తరాది కార్మికులు చేసే పండగకీ డీజే. ఒకే డబ్బాలో ముందు మన జానపదం, వెంటనే భోజ్‌పురి. మా వాడు బీట్లు కలపడం నేర్చుకున్నది ఆ రెంటి మధ్య అతుకు కనపడకుండా చెయ్యడంలోనే.

దీన్ని షికాగోతో పోల్చడంలో ఒక ఇబ్బంది ఉంది, దాచను. అక్కడ ఉక్కు మిల్లులు మూతపడుతున్న రోజుల్లో ఈ సంగీతం పుట్టింది, విస్కాన్సిన్ స్టీల్ 1980లోనే మూసేశారు. ఇక్కడ ఫ్యాక్టరీలు వస్తున్న రోజుల్లో పుట్టింది. అక్కడ పనిలేక, ఇక్కడ పని ఎక్కువై. కానీ చేసినవాళ్ళు మాత్రం దగ్గరి చుట్టాల్లాగే కనిపిస్తారు. 1986లో 'మూవ్ యువర్ బాడీ' చేసిన మార్షల్ జెఫర్సన్ పోస్టాఫీసులో రాత్రి డ్యూటీ చేసేవాడు. మా వాడిది మూడు షిఫ్టుల డ్యూటీ.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. హైదరాబాద్ తీన్‌మార్ అనేది మర్ఫా నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు తెచ్చిన వాద్యం అది. దానికి మన డప్పు తోడైంది. తర్వాత బ్యాండు మేళాల్లోకి ప్యాడ్ వచ్చింది. బండి మీద నిలబడి రెండు పుల్లలతో ఎనిమిది రబ్బరు గడుల మీద కొడతారే, అదే. మన దగ్గర దాన్ని ప్యాడ్ అనో ఆక్టోప్యాడ్ అనో పిలుస్తారు గానీ, 1985లో ఆక్టోప్యాడ్ అని పేరు పెట్టి తయారు చేసింది రోలాండ్ కంపెనీయే. 808, 303 చేసినవాళ్ళే. ఒసాకాలో 1972లో కాకెహాషి అనే ఆయన పెట్టిన కంపెనీ సరుకు ఒకటి షికాగో క్లబ్బుకీ, ఇంకోటి మన బోనాల ఊరేగింపుకీ చేరింది.

టెక్నికల్‌గా ఒక తేడా ఉంది, మనోళ్ళకి నచ్చుతుంది. 808లో, 303లో ఒక వరసకి 16 గడులు. నాలుగు గడులకోసారి 'ధబ్' కొడితే హౌస్ అయిపోతుంది. 1997లో బెల్జియం నుంచి ఫ్రూటీలూప్స్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది (2003లో ఎఫ్‌ఎల్ స్టూడియో అని పేరు మార్చారు, మన బెల్టులో మిక్సింగ్ చేసే వాళ్ళలో చాలామంది బడి ఇదే). అందులోనూ తెరవగానే కనిపించేవి 16 గడులే. కానీ తీన్‌మార్ మూడు మూడుగా నడిచే లయ, పదహారులో ఇమడదు. కొత్తవాళ్ళు దాన్ని సాగదీసి పదహారులో కుక్కుతారు, వింటే కుంటుతున్నట్టు ఉంటుంది. మా వాడు వరసని 12కి తగ్గిస్తాడు. కింద 'ధబ్' హౌస్‌లాగే ఎడతెగకుండా పోతుంటుంది, ప్రతి 'ధబ్' లోపల మాత్రం మూడు విరుపులు. మూడు ట్రాకుల్లో రెండోది అదే. నడుం కదలకుండా కూర్చోడం కష్టం.

అప్పుడు మా టీములో ఒకాయన చెప్పింది గుర్తొచ్చింది, అసలు మొదటి హౌస్ రికార్డు మన దేశంలోనే వచ్చిందని. ఆయన చెప్పింది చరణ్‌జీత్ సింగ్ గురించి. బొంబాయి సినిమా పాటల్లో గిటార్లు, కీబోర్డులు వాయించిన మనిషి. 1982లో 808, 303, జూపిటర్-8 ఈ మూడు రోలాండ్ మెషీన్లనే పెట్టుకుని హెచ్ఎంవీకి ఒక ఎల్పీ చేశాడు, 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. భైరవ్, తోడి, యమన్, భూపాలీ, మాల్కౌన్స్... మనకి చెప్పాలంటే భూపాలీ అంటే మోహన, మాల్కౌన్స్ అంటే హిందోళం. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే సౌకర్యం ఉంది. గిటారు వాళ్ళకి ఎబ్బెట్టుగా అనిపించిన ఆ జారుడు రాగానికి మీండ్‌లా సరిపోయింది. వింటే అచ్చం 1987 షికాగోలా ఉంటుంది. అయిదేళ్ళు ముందు!

అమ్ముడుపోలేదు. అందరూ మర్చిపోయారు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్చాయన ఢిల్లీలో పాత రికార్డుల మధ్య దాన్ని పట్టుకుని, 2010లో మళ్ళీ విడుదల చేశాడు. ఎవరో ఈమధ్యే చేసి పాత రికార్డని ఆడుతున్న నాటకం అని కూడా అనుమానించారు కొందరు. డెబ్భై ఏళ్ళు దాటాక సింగ్ యూరప్‌లో కచేరీలు చేసి, 2015 జూలైలో పోయాడు. 'హౌస్ కనిపెట్టింది మనవాడే' అనడం నాకు ఇష్టం లేదు. షికాగో వాళ్ళకి ఈ రికార్డు సంగతే తెలీదు, ఆయనకి షికాగో సంగతి తెలీదు, డిస్కో కాలం కదా అని రాగాల్ని ఆ బీటు మీద పెట్టాడంతే. నేను చూసేది ఇంకోటి. ఇరవై ఏళ్ళు ఎవడూ వినకపోయినా ఆయన పేరు చెరగలేదు. ఎందుకంటే అట్ట మీద పేరుంది, కంపెనీ పేరుంది, నంబరుంది. నాటకం అన్నవాళ్ళకి చూపించడానికి వస్తువుంది.

మన బెల్టులో ఆ వస్తువే లేదు. నేను స్కూల్లో ఉన్నప్పుడు, 2010 ఆ ప్రాంతంలో, పటాన్‌చెరులో సెల్ షాపుకెళ్ళి రెండు జీబీ మెమరీ కార్డు ఇస్తే ముప్ఫై రూపాయలకి నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అందులో డీజే మిక్సులు ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. తెలిసే దారి ఒక్కటే, పాట మధ్యలో అర నిమిషానికోసారి ఒక గొంతు 'డీజే ఫలానా, ఫలానా ఊరు' అని అరుస్తుంది. మనం చిరాకు పడేవాళ్ళం గానీ అదే వాళ్ళ లేబుల్, అదే కాపీరైటు, అదే కమిట్ లాగ్. తర్వాత వచ్చినవాడు ఆ గొంతుని కోసేసి తన గొంతు అతికిస్తాడు. మా వాడి మిక్సు ఒకటి పక్క మండలం డీజే పేరుతో యూట్యూబులో ఉంది. పోయి అడుగుదామంటే అసలు అందులో పాడిన గొంతు మా వాడిదీ కాదు, ఏదో సినిమా పాటది. దొంగ సొమ్ము పోయిందని స్టేషనుకి పోయినట్టు ఉంటుంది.

అందుకే ఈసారి ఎవరి పాటా తీసుకోలేదు వాడు. జానపదమూ ముట్టలేదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' వచ్చినప్పుడు ఆ పాట ఎవరిదని ఎంత గొడవైందో తెలిసిందే. ముందే టీవీలో పాడి జనానికి పరిచయం చేసిన గాయని నాది అంది, జానపదం అందరిదీ అన్నారు ఇంకొందరు. "మన అవ్వ పాడిన పాటనే అయినా రేపు ఎవడో ఒకడు క్లెయిమ్ కొడ్తడన్నా" అని మా వాడి లెక్క.

రికార్డు వేస్తే న్యాయం జరిగిపోతుందనీ కాదు. ట్రాక్స్ వాళ్ళు మాకు రావాల్సింది ఇవ్వలేదని లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 2020లో కోర్టుకెళ్ళారు, 2022లో రాజీ కుదిరి వాళ్ళ పాటల హక్కులు వాళ్ళకి తిరిగొచ్చాయి. పాటలు చేసి ముప్ఫై అయిదేళ్ళు దాటాక! కానీ కోర్టులో పెట్టడానికి వాళ్ళ పేరున్న రికార్డులున్నాయి.

ఇంకో తొందర కూడా ఉంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు. ముసలివాళ్ళ గుండెలు, పసిపిల్లల చెవులు అన్నారు, కాదనలేను. డబ్బా పక్కన నిలబడితే పక్కటెముకలు అదురుతాయి. రూల్ ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, పారిశ్రామిక ప్రాంతంలో 75. ఇస్నాపూర్‌లో ఇంటి ముందు ఇళ్ళు, వెనక ఫ్యాక్టరీ. ఏ నంబరు వర్తిస్తుందో ఎవరిని అడగాలో మరి. నిషేధం మా వాడి ఊరిది కాదు గానీ, సిటీలో మొదలైనవి ఈ రోడ్డు వెంట ఎంత త్వరగా వస్తాయో వాడికి తెలుసు. డబ్బాలు ఆగిపోతే ఇన్నేళ్ళ ఆ మిక్సులన్నీ ఎక్కడుంటాయి? ఎవరో పారేసిన పెన్‌డ్రైవుల్లో.

సరే, జానర్ హౌస్ అనే ఉంచాను. లేబుల్ గడిలో వాడి ఊరి పేరే పెట్టాం. ప్రతి ట్రాకుకీ ఐఎస్‌ఆర్‌సీ అని పన్నెండు అక్షరాల కోడ్ వస్తుందని చెప్పాను. ఆ కోడ్ పట్టుకుంటే పాట ఎవరిదో తెలుస్తుందంటే, "బండి నంబరోలె" అన్నాడు.

చిక్కల్లా 'మొదట విడుదలైన తేదీ' దగ్గర వచ్చింది. రెండో ట్రాకు పాత రూపం ఒకటి నాలుగైదేళ్ళ కిందటే బరాతుల్లో తిరిగింది. ఎప్పుడు చేశావంటే వాడికి గుర్తు లేదు, లాక్‌డౌన్ తర్వాత అంటాడు. పాత పెన్‌డ్రైవు తెచ్చి పెట్టాడు. ఫైలు ఉంది, పేరు 'న్యూ ఫైనల్ 2'. తేదీ చూస్తే 1 జనవరి 1980. గడియారం లేని ఏ డబ్బాలోంచో కాపీ అయి ఉంటుంది, ఈ పెన్‌డ్రైవు ఫార్మాట్‌కి కాలం మొదలయ్యేదే అక్కడ (ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది).

"గదే పెట్టన్నా, ఏమైతది?" అన్నాడు. చరణ్‌జీత్ సింగ్ కంటే రెండేళ్ళు ముందున్నట్టు లెక్క :)

పెట్టలేదు లెండి. కొత్తగా చేసిందే కదా అని కొత్త తేదీ వేద్దామనుకున్నాం. యాప్‌ల వాళ్ళు శుక్రవారం అయితే మంచిదని సలహా ఇచ్చారు, 2015 నుంచి ప్రపంచమంతా కొత్త రికార్డులు శుక్రవారమే వేస్తున్నారు. క్యాలెండర్ తీసి చూశాడు. ఆ శుక్రవారం వాడికి సెకండ్ షిఫ్టు, గేటు దగ్గరే ఫోన్ తీసుకుంటారు. రాత్రి పదిన్నరకి బయటికొచ్చాక చూసుకుంటా అన్నాడు.